తెలియని భాషను విప్పి చూద్దాం – 4వ పాఠం: ఇలొకానో, కోసా

పోయిన పాఠం అభ్యాసంలో, ‘నా ఇళ్ళలో’ అని టర్కీ భాషలో ఎలా అంటారో చెప్పమన్నాను. ముందు దాని జవాబు. ఎవ్‌లెరిమ్‌దె. ఎవ్ అంటే ఇల్లు, లెర్ బహువచనం, ఇమ్ ‘నా’, దె ‘లో’. చాలామందికి ఇది తేలిగ్గానే వచ్చి ఉంటుంది. మన తెలుగులోనూ ఇలాంటివి ఎక్కువగా పదం వెనకే తగులుకుంటాయి కదా. అందుకే కొత్త పదం కనపడగానే మన చూపు నేరుగా దాని తోక మీదికి పోతుంది. ఈసారి పదం మొదలు కూడా పట్టి చూడాలి.

ఇలొకానో ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ దీవి ఉత్తర ప్రాంతపు భాష, ఆస్ట్రోనేషియన్ కుటుంబానిది. కోసా దక్షిణాఫ్రికాలో, ముఖ్యంగా ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో మాట్లాడే భాష, బంటూ కుటుంబానిది. రెంటికీ చుట్టరికం లేదు. ఎక్కడైనా పోలిక కనపడితే ‘ఒకే తల్లి పిల్లలు కాబట్టి’ అని తప్పించుకోలేం. సాధనకు ఈ జంటను తీసుకున్నది అందుకే.

మన పద్ధతి పాతదే. ఒక్క విషయంలోనే తేడా ఉన్న రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టండి. రెంటిలోనూ మారనిదాన్ని తీసేయండి. మిగిలిన ముక్క ఏ పని చేస్తోందో ఊహించండి. ఆ ఊహను మూడో వాక్యంతో పరీక్షించండి.

ఇలొకానోతో మొదలుపెడదాం.

అగ్‌సుర్‌సురత్ తి ఉబింగ్ – పిల్లవాడు రాస్తున్నాడు.
నగ్‌సురత్ తి ఉబింగ్ – పిల్లవాడు రాశాడు.
నగ్‌సుర్‌సురత్ తి ఉబింగ్ – పిల్లవాడు రాస్తూ ఉన్నాడు (అప్పుడు).

(ఉబింగ్ అంటే ఆడపిల్లైనా కావచ్చు, మగపిల్లాడైనా కావచ్చు. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.)

మూడింటిలోనూ ‘తి ఉబింగ్’ ఉంది, అది పిల్లవాడు. వాక్యం క్రియతో మొదలవుతోందని కూడా ఇక్కడే తెలిసిపోయింది. ఇక క్రియలు. ‘సురత్’ అన్నిటిలో ఉంది కాబట్టి ధాతువు అదే. రెండు, మూడు వాక్యాలను పోలిస్తే తేడా ‘సుర్’ ఒక్కటే. ధాతువులోని మొదటి ముక్కను రెండుసార్లు పలికితే పని సాగుతోందని అర్థం. ఒకటి, మూడు వాక్యాలను పోలిస్తే అగ్, నగ్ మిగిలాయి. ‘నగ్’ అయిపోయిన కాలానిది.

ఇప్పుడు ఒక తిరకాసు. కల్డింగ్ అంటే మేక, కల్‌కల్డింగ్ అంటే మేకలు. పుసా పిల్లి, పుస్‌పుసా పిల్లులు. ముక్కను రెండుసార్లు పలికే పద్ధతి ఇక్కడా అదే, పని మాత్రం వేరు: క్రియలో సాగడం, నామంలో బహువచనం. ఒక రూపానికి ఒకే పని ఉంటుందని నోట్‌బుక్‌లో రాసుకుంటే ఇక్కడే బోల్తా పడతాం.

కోసాకి వద్దాం.

ఉమ్‌న్త్వాన ఉయభాల – పిల్లవాడు రాస్తున్నాడు.
అబన్త్వాన బయభాల – పిల్లలు రాస్తున్నారు.
ఉమ్‌న్త్వాన ఉభలీలె – పిల్లవాడు రాశాడు.

మొదటి రెంటిలో నామం ముందు ‘ఉమ్’ పోయి ‘అబ’ వచ్చింది. వెంటనే క్రియ ముందు ‘ఉ’ పోయి ‘బ’ వచ్చింది. మన ‘రాస్తున్నాడు, రాస్తున్నారు’లో డు, రు చేసే పనినే కోసా క్రియ మొదట్లో చేస్తోంది. పైగా విశేషణాన్ని కూడా వదలదు. పెద్ద పిల్లవాడు ఉమ్‌న్త్వాన ఒమ్‌ఖులు, పెద్ద పిల్లలు అబన్త్వాన అబఖులు. మన ‘పెద్ద’ మాత్రం కదలదు, మెదలదు.

మూడో వాక్యాన్ని మళ్ళీ చూడండి. కోసాలో రాయడం అయిపోయిందని చెప్పిన ‘ఈలె’ క్రియ చివర ఉంది. ఇలొకానోలో ఆ పని చేసిన ‘నగ్’ మొదట్లో ఉంది. రెండూ పదం ముందు భాగాన్ని బాగా వాడుకునే భాషలే, కానీ ఈ వాక్యాల్లో ఇలొకానో ఆ ముందు భాగంలో కాలాన్ని పెట్టుకుంది, కోసా కర్త ఎవరన్నది పెట్టుకుంది. ‘రెండూ ఉపసర్గల భాషలు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ తేడా చేజారిపోతుంది. పరీక్ష పేపరుకు ఆ మాట చాలునేమో, మనకు చాలదు.

కోసా నామాలు పదిహేను దాకా వర్గాలుగా ఉంటాయి. ఏ నామం ఏ వర్గందో దాని ముఖం చూసి ఎప్పుడూ చెప్పలేం. ఇంజ అంటే కుక్క, ఇఖాండ అంటే గుడ్డు. రెండూ ‘ఇ’తోనే మొదలయ్యాయి. ‘పడింది’ అని చేర్చండి: ఇంజ ఇవీలె, ఇఖాండ లివీలె. గుడ్డుకు ‘లి’ వచ్చింది! బహువచనం కూడా అదే చెబుతుంది: కుక్కలు ఇజింజ, గుడ్లు అమఖాండ. నామంలో దాగిన వర్గం క్రియ దగ్గరికి వచ్చేసరికి బయటపడింది. అందుకే కోసా నామాన్ని ఒంటరిగా బట్టీ పట్టకండి. బహువచనంతో, ఒక క్రియతో కలిపి రాసుకోండి.

ఇఖాండలోని ‘ఖ’ నిజానికి మన ఖ కాదు. నాలుకను అంగిట్లో ఆనించి టక్కున లాగితే వచ్చే క్లిక్ అది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేక ఇలా సర్దుకున్నాను. మనం జాలిపడి ‘ప్చ్’ అన్నప్పుడు వచ్చే చప్పుడు కూడా కోసాలో ఒక హల్లు. ఈ క్లిక్కులు పొరుగున ఉన్న ఖొయె, సాన్ భాషల నుంచి వచ్చాయి.

ఈ రెండు భాషల దారుల్లోనూ చెరకు తోటలున్నాయి. 1906లో 15 మంది ఇలొకానోలు హవాయి తోటల్లో పనికి ఓడ ఎక్కారు, వాళ్ళ వెనక వేలమంది వెళ్ళారు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ తోటలకు వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళున్నారు. అక్కడ వాళ్ళ చెవిన పడ్డ జులూ, కోసాకు చాలా దగ్గరి భాష.

అభ్యాసం:

1. ఇలొకానోలో అగ్‌బాస అంటే చదవడం. ‘చదువుతున్నాడు’, ‘అప్పుడు చదువుతూ ఉన్నాడు’ ఎలా అంటారు?

2. కోసాలో ఇసిత్య అంటే పళ్ళెం, ఇజిత్య పళ్ళేలు. ‘పళ్ళెం పడింది’ ఇసిత్య సివీలె. ‘పళ్ళేలు పడ్డాయి’ ఏమవుతుంది?

3. ఇలొకానోలో గతాంగ్ అంటే కొనడం, గినతాంగ్ అంటే ‘(దాన్ని) కొన్నాడు’. కొత్తగా చేరిన ముక్క ఏది, ఎక్కడ చేరింది? ఇది ముందూ కాదు, వెనకా కాదు. వచ్చే పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది.