పాపాయి కంట్లో గ్లాకోమా (కంటి ప్రెషర్ పెరిగే జబ్బు) ట్యూబ్ వేయించే ముందు

– ముందురోజు రాత్రే గడియారం చూసుకోండి. తల్లిపాలు 4 గంటల ముందు, ఆవుపాలు, డబ్బాపాలు, అన్నం కనీసం 6 గంటల ముందు ఆపాలి. మీ డాక్టర్ వేరే సమయం చెబితే అదే పాటించండి. ఏడుస్తోందని అమ్మమ్మ చిన్న బిస్కెట్ ముక్క పెట్టినా దాచకండి; మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

– జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ముందే ఫోన్ చేయండి.

– కంటి చుక్కలు సొంతంగా ఆపొద్దు.

– ఏ ఇంప్లాంటో (కంట్లో అమర్చే ట్యూబ్ పరికరం) తప్పకుండా అడగండి. అహ్మద్ అనే రకానికి వాల్వ్ (ద్రవం మరీ ఎక్కువగా పోకుండా ఆపే కవాటం) ఉంటుంది. మదురైలో ఆరోలాబ్ సంస్థ తయారుచేసే ఆడి (AADI) అనే రకానికి ఉండదు. అందుకే ఆడి ట్యూబ్‌ను కరిగిపోయే దారంతో కడతారు. అది వదులయ్యేదాకా, అంటే సుమారు 5, 6 వారాలు, కంటి ప్రెషర్ పూర్తిగా దిగకపోవచ్చు. కంగారు పడొద్దు, చెకప్ మాత్రం మానొద్దు.

– పిల్లలు నిద్రలో పిడికిలితో కన్ను నలుపుకుంటారు. కంటిపై పెట్టే షీల్డ్, చేతులకు మెత్తని గుడ్డ తొడుగులు సిద్ధంగా ఉంచండి.