పెరటి మట్టిలో విషం: నమూనా ఎక్కడ తీయాలి, ల్యాబ్‌ను ఏం అడగాలి

నగరంలో కూరగాయలు వేసే ముందు మట్టి పరీక్ష చేయించాలి. అయితే స్థలమంతటి మట్టినీ ఒకే సంచిలో కలిపి పంపితే ఫలితం మోసం చేస్తుంది. ఒకచోట సీసం 900 పీపీఎం (కిలో మట్టిలో 900 మిల్లీగ్రాములు) ఉండి, మిగతా తొమ్మిది చోట్ల 40 చొప్పున ఉంటే సగటు 126 వస్తుంది. కాగితం మీద ఫరవాలేదనిపిస్తుంది, ఆ ఒక్క మూల మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే ముందు విషం ఎటు నుంచి వచ్చి ఉంటుందో చూడండి. పాత ఇంటి గోడ నుంచి మీటరు లోపల, ముఖ్యంగా చూరు నీళ్లు పడే వార, రాలిన రంగు పెచ్చుల సీసం పేరుకుంటుంది. రోడ్డు పక్కన సీసం కలిపిన పెట్రోలు పొగ తాలూకు మిగులు ఉంటుంది. ఆ పెట్రోలు అమ్మకం ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియాలో ఆగింది, కానీ సీసం కుళ్లేది కాదు, కరిగిపోయేదీ కాదు, పైమట్టిలోనే ఉండిపోతుంది. టైర్ల అరుగుదల నుంచి జింక్, బ్రేకుల నుంచి రాగి చేరతాయి. పాత బ్యాటరీలు విప్పిన చోట సీసం, చెత్త కాల్చిన చోట పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు (సరిగా కాలని పొగ, మసిలో ఉండే విష రసాయనాలు), రసాయనంలో నానబెట్టిన పాత కలప చుట్టూ ఆర్సెనిక్ ఉండొచ్చు. బయటి నుంచి తెచ్చి పోసిన మట్టినైతే అసలు నమ్మకండి.

ఇలా అనుమానం ఉన్న ఒక్కో చోటికి ఒక్కో నమూనా. ఆ భాగంలోనే 8–10 చోట్ల 15 సెం.మీ. లోతు వరకు తీసి, ప్లాస్టిక్ బకెట్లో కలిపి, అర కిలో నీడన ఆరబెట్టండి. పిల్లలు ఆడే చోటయితే పై 2–3 సెం.మీ. చాలు, నోట్లోకి వెళ్లేది ఆ దుమ్మే. గాల్వనైజ్డ్ బకెట్ వద్దు, దాని జింక్ నమూనాలో కలుస్తుంది. పెట్రోలు, డీజిలు కారిన మట్టిని ఆరబెట్టకూడదు: ఆవిరయ్యేవి ఎగిరిపోయి ఫలితం శుభ్రంగా వస్తుంది. గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, చల్లగా ఉంచి పంపండి.

ల్యాబ్‌లో ‘మొత్తం సీసం, ఆర్సెనిక్, కాడ్మియం’ అని విడిగా అడగాలి. మామూలు భూసార పరీక్షలో ఇవి ఉండవు. పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణం కొలత) కూడా చూపించుకోండి.

నివాస స్థలాల మట్టిలో సీసానికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) 2024లో పరిశీలన స్థాయిని, అంటే దాటితే ఇంకా లోతుగా చూడాల్సిన హద్దును, 400 పీపీఎం నుంచి 200కి తగ్గించింది. అది దాటితే ఆ మట్టిలో దుంపలు, ఆకుకూరలు వద్దు. కింద గుడ్డ పరిచి 30 సెం.మీ. ఎత్తున శుభ్రమైన మట్టితో మడి కట్టండి. అంతకు తక్కువైతే కంపోస్టు కలిపి, ఆమ్ల నేలయితే సున్నం వేసి పీహెచ్ 6.5–7కి తేవాలి. టమాటా, వంగ, బీర లాంటి కాయల్లోకి సీసం తక్కువగా వెళ్తుంది. ఏది కోసినా మట్టి పోయేదాకా కడగాలి, దుంపల తొక్క తీసేయాలి.

సీసం మొక్కల్లోకి వెళ్లకుండా మట్టిలోనే కట్టేయడానికి ఫాస్ఫేటు వేయమని చెబుతుంటారు. ఆర్సెనిక్ కూడా ఉన్న నేలలో అది ఎదురుతిరుగుతుంది, మట్టి రేణువులను అంటుకున్న ఆర్సెనిక్‌ను విడిపిస్తుంది. ఇక పొద్దుతిరుగుడు వేస్తే సీసం పీల్చేస్తుందన్న మాట వింటే నవ్వొస్తుంది: మొక్క తీసుకునేది నామమాత్రం, పైగా పీకిన మొక్కల్ని కంపోస్టులో వేస్తే ఆ కాస్తా తిరిగి మడిలోకే.