అమ్మ బీపీ ఎందుకు దిగలేదో ఇలా తెలిసింది

మాది పాలకొల్లు దగ్గర పల్లె. అమ్మ రోజూ మాత్ర వేసుకుంటున్నా బీపీ 160/95కి అటూఇటూగానే ఉండేది. మోతాదు పెంచే ముందు డాక్టరుగారు, “ఇంకేం మాత్రలు వాడుతున్నారమ్మా?” అని అడిగారు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ సంగతి అప్పుడు బయటపడింది. ఈ రకం మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలవేస్తాయి, కొన్ని బీపీ మందుల్ని సరిగా పనిచేయనివ్వవు. కిడ్నీలకీ మంచివి కావు. ఇంత ముఖ్యమైన ప్రశ్న ప్రతి డాక్టరూ అడగాలి.

చాలామందికి వచ్చేది ఒక్క కారణం తేలని బీపీ; వయసు, వంశం, బరువు, ఉప్పు కలిసి తెస్తాయి. కిడ్నీ, దాని మీదుండే అడ్రినల్ గ్రంథి, థైరాయిడ్ జబ్బుల వల్లా, మందుల వల్లా వచ్చేది రెండో రకం. అందుకే రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం కూడా చూశారు. బాగానే ఉన్నాయి.

డైక్లోఫెనాక్ ఆపించి, మోకాళ్లకి వ్యాయామాలు నేర్పించారు. ఉప్పు దగ్గరే గొడవ. రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే టీ చెంచాడు. ఆవకాయ, ఎండుచేపలు ఉన్న ఇంట్లో అదెంత కష్టమో గోదావరి వాళ్లకి చెప్పక్కర్లేదు! అమ్మ ఎండుచేపలు మానేసింది, మజ్జిగలో ఉప్పు మానేసింది. ఆవకాయ మాత్రం ఆదివారానికి ఉంచుకుంది.

ఇప్పుడు 130/80 దరిదాపుల్లో ఉంటోంది. కాఫీ తాగిన అరగంట దాకా చూడం. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి చూస్తాం. బీపీ మాత్ర మాత్రం ఆపలేదు.