మిర్రర్‌లెస్ కొంటున్నారా, ముందు షాపులో అరగంట కూర్చోండి

ఫొటోలకీ వీడియోకీ ఒకే కెమెరా కావాలనుకునేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే. బాడీని, అంటే లెన్సు కాక మిగతా కెమెరాని, వీడియో చూసి ఎంచుకోండి, లెన్సుని ఫొటో చూసి ఎంచుకోండి. ఇప్పుడొస్తున్న మిర్రర్‌లెస్‌లలో, అంటే లోపల అద్దం లేని కెమెరాల్లో, ఫొటో పాడుచేసేది దాదాపు లేదు. 20 మెగాపిక్సెల్స్ నికాన్ జెడ్50 టూతో తీసిన ఫొటో కరిష్మా పెళ్లి ఆల్బమ్‌లో వేస్తే, 33 మెగాపిక్సెల్స్ సోనీ ఎ7 ఫోర్‌తో తీసిందో కాదో పెళ్లికూతురి మేనమామ కూడా కనిపెట్టలేడు. తేడాలన్నీ వీడియో బటన్ నొక్కాకే బయటపడతాయి.

నాకిది తెలిసొచ్చింది మే నెలలో, అంబాజీపేట దగ్గర ఒక పగటి ముహూర్తంలో. ఇంటి ముందు షామియానా, ఫ్యాన్లు తిరుగుతున్నా వచ్చేది వేడి గాలే, కెమెరా 4కె లో ఆపకుండా నడుస్తోంది. జీలకర్ర బెల్లం టైముకి అడ్డుతెర పట్టుకున్నారు. స్క్రీన్ మూల చిన్న థర్మామీటర్ బొమ్మ వస్తే ఏదోలే అనుకున్నాను. తెర దించేలోపు కెమెరా ఆగిపోయింది. పంతులుగారు మన కోసం ఆగరు కదండీ, మిగతాది ఫోన్‌లో తీశాను. కంపెనీ పేరు చెప్పను, సగం తప్పు నాదే, ఎండలో ఎంతసేపు నడుస్తుందో అంతకుముందు ఒక్కరోజు కూడా చూసుకోలేదు.

అందుకే షాపులో అరగంట అంటున్నాను. మీ కార్డు మీరే పట్టుకెళ్లండి, 4కె పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి, బల్ల మీద ఉంచి టీ తాగి రండి. ఏసీ షాపులోనే వేడెక్కి ఆగిపోతే కోనసీమ ఎండలో సంగతి అడగక్కర్లేదు, షాపులో ఆగకపోయినా మన షామియానాలో ఆగదని గ్యారంటీ లేదు. పానసోనిక్ ఎస్5 టూ లాంటి వాటిలో లోపల ఫ్యానే ఉంటుంది. ఫ్యాన్ లేని వాటిలో స్క్రీన్‌ని బాడీకి అంటకుండా బయటికి తిప్పి ఉంచితే కొంత నయం. సోనీ వాటిలో అయితే మెనూలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ అని ఉంటుంది, దాన్ని హై లో పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంకోటి చూడాలి, పాత మోడల్స్ చాలావాటిలో 29 నిమిషాల 59 సెకన్లకి రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది, అది వేడి వల్ల కాదు, కంపెనీ పెట్టిన లిమిట్.

టీ తాగి వచ్చాక మెనూలో వీడియో పద్ధతి పాల్ అని ఉందో ఎన్‌టీఎస్‌సీ అని ఉందో చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాల్ పెట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ స్పీడు 1/50 సెకను ఉంచాలి. ఎన్‌టీఎస్‌సీలో 30 ఫ్రేములు, 1/60 పెట్టి కల్యాణ మండపంలో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే గోడ మీద నీడలు కదులుతున్నట్టు వెలుగు కొట్టుకుంటుంది, అది ఎడిటింగ్‌లో సరిచెయ్యడం పెద్ద తలనొప్పి. సీరియల్ సెట్లు, ఎల్‌ఈడీ గోడల ముందు ఫొటోలు తీసేటప్పుడు చప్పుడు లేని సైలెంట్ షట్టర్ వాడినా ఇంతే, చారలు పడతాయి, మామూలు షట్టర్‌కి మార్చుకోండి.

స్లో మోషన్ కోసం 4కె 50 ఫ్రేములు ఉందా అని అందరూ అడుగుతారు, ఉంది అంటారు, కొనేస్తాం. ఉంటే సరిపోదు, ఫ్రేము ఎంత కోస్తుందో చూడాలి. ఎ7 ఫోర్ ఫుల్ ఫ్రేమే, అంటే పెద్ద సెన్సర్ (బొమ్మని పట్టే చిప్పు) ఉన్నదే, కానీ 4కె 50 లోకి వెళ్లగానే సెన్సర్ మధ్య భాగమే వాడుతుంది, అప్పుడు మీ 24 ఎంఎం లెన్సు 36 లా కనిపిస్తుంది. కెనాన్ ఆర్10 కూడా 4కె 50 లో కోస్తుంది. పెరట్లో వేసిన పందిట్లో వెనక్కి జరిగితే కొబ్బరిచెట్టు, ఇంకా జరిగితే బోదె, ఇక ఎక్కడికి పోతాం?

ఇంకో పరీక్ష. కెమెరా పట్టుకుని షాపు తలుపు మీదుగా గబగబా పక్కకి తిప్పండి. తలుపు నిట్టనిలువుగా ఉండాల్సింది పక్కకి వాలినట్టు కనిపిస్తుంది, ఎంత వాలిందో చూడండి. సెన్సర్ పై వరస నుంచి కింద వరస దాకా చదవడానికి తీసుకునే టైము వల్ల వచ్చే తేడా అది. జగ్గన్నతోట తీర్థానికి కనుమ రోజు వెళ్లి భుజాల మీద మోసుకెళ్లే ఎత్తైన ప్రభల వెంట పరిగెడుతూ తీసినవాళ్లకి ఇది బాగా తెలుసు, కౌశిక కాలవ దాటిస్తున్నప్పుడు నిలువుగా ఉన్న ప్రభ నా వీడియోలో పడిపోతుందేమో అన్నట్టు వచ్చింది.

చెయ్యి వణుకు సంగతికొస్తే ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. సోనీ జెడ్‌వీ-ఇ10, కెనాన్ ఆర్50, నికాన్ జెడ్50 టూ వీటి బాడీలో స్టెబిలైజేషన్, అంటే వణుకు ఆపే ఏర్పాటు, లేదు. సోనీ ఎ6700, ఫుజీ ఎక్స్-ఎస్20, కెనాన్ ఆర్7 లో ఉంది. లేని బాడీ కొని, అందరూ మెచ్చుకుంటున్నారని సిగ్మా 18-50 ఎఫ్/2.8 లెన్సు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు) తగిలిస్తారు, బంగారంలాంటి లెన్సే, కానీ అందులోనూ స్టెబిలైజేషన్ లేదు. ఇక గింబల్ (వణుకు రాకుండా కెమెరాని పట్టుకునే మోటారు స్టాండు) లేకుండా నడుస్తూ తీస్తే వాన పడ్డాక చేనుగట్టు మీద బండి ఎక్కినట్టుంటుంది. అలాంటి సోనీ బాడీకి టామ్రాన్ 17-70 ఎఫ్/2.8 మేలు, వణుకు ఆపేది లెన్సులోనే ఉంది, కాకపోతే బరువు.

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతోనే సరిపెట్టుకుందాం అనుకుంటే పగలు పర్వాలేదు, కడియం నర్సరీల్లో పూలు, కాలవ గట్టు మీద రీల్స్ హాయిగా తీసుకోవచ్చు. మన ముహూర్తాలు చూస్తే అర్ధరాత్రి దాటాకే ఎక్కువ. జూమ్ చెయ్యగానే కిట్ లెన్సు ఎఫ్/5.6 కి వెళ్తుంది, ఎఫ్/2.8 దానికి నాలుగు రెట్లు ఎక్కువ వెలుగు అందుతుంది. బాడీలో ఒక మెట్టు తగ్గి లెన్సులో ఒక మెట్టు ఎక్కండి, నేను ఎవరికైనా ఇదే చెప్తాను.

ఫోకస్ విషయంలో కొత్తవాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో పానసోనిక్ జీహెచ్5 చవగ్గా వస్తోందని తీసుకునేవాళ్లు మాత్రం ఆలోచించుకోండి. పానసోనిక్ వాళ్లు ఫేజ్ డిటెక్షన్ (ఎటు, ఎంత జరగాలో లెక్కగట్టి వెంటనే ఫోకస్ చేసే పద్ధతి) పెట్టింది 2023లో, ఎస్5 టూ నుంచే. అంతకుముందు వాటిలో మనిషి నడిచి వస్తుంటే ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది.

సన్నాయి, డోలు పక్కనే కెమెరా పెడితే సౌండ్ పగిలిపోయిందో లేదో మీటరు చూసి పూర్తిగా తెలియదు, చెవిలో పెట్టుకుని వినాలి. ఆర్50 లో మైక్ పెట్టుకోవచ్చు కానీ హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు లేదు, జెడ్‌వీ-ఇ10 లో రెండూ ఉన్నాయి. డబ్బులు తీసుకుని పెళ్లిళ్లు చేసేవాళ్లయితే రెండు కార్డులు పట్టే బాడీయే కొనండి, ఆర్7, ఎస్5 టూ, ఎ7 ఫోర్ అలాంటివే. ఎ6700 ఎంత బాగున్నా ఒక్క కార్డే. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు) తీస్తే గంటకి 45 జీబీ దాకా తింటుంది, 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. కార్డు మీద వేగం గుర్తు వి30 అని ఉంటే ఆ పనికి చాలు.

సరే, ఏది కొనాలి అంటే, యూట్యూబ్‌కీ ఇంటి ఫంక్షన్లకీ అయితే జెడ్50 టూ, రంగుల మధ్య మెట్లు ఎక్కువుండే 10 బిట్ వీడియో ఇస్తుంది, సాయంత్రం గోదావరి మీద ఆకాశం రంగులు మెట్లుమెట్లుగా విడిపోవు. జెడ్‌వీ-ఇ10 8 బిట్, రంగులు ఎక్కువ మార్చబోతే తెలిసిపోతుంది. పెళ్లిళ్లు మొదలుపెడుతున్నవాళ్లకి ఆర్7. వీడియోయే తిండి పెడుతుంటే ఎస్5 టూ, ఆ ఫ్యాన్ కోసమే.

ఏది కొన్నా వానాకాలం బీరువాలో తోలు బ్యాగులో పెట్టి మర్చిపోకండి, మన గాలిలో చెమ్మకి లెన్సులో బూజు పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ ప్యాకెట్లు, నీలం గింజలు గులాబీ రంగులోకి మారాక మళ్లీ ఆరబెట్టడం, అంతే ఖర్చు. అంతర్వేది ఒడ్డున తీసి వచ్చిన రోజు కొద్దిగా తడిపిన గుడ్డతో బాడీ తుడవండి, ఉప్పు పోవాలి. పాత లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి, సాలీడు దారాల్లాంటివి సన్నగా కనిపిస్తే బేరం కూడా ఆడకుండా అక్కడే పెట్టేసి రండి.