తకిగి నో నాటకం ఎలా చూడాలి?

జపాన్‌లో ఆరుబయట, ఇనప బుట్టల్లో కట్టెలు మండించి ఆ వెలుగులో ఆడే మాస్కుల నాటకమే తకిగి నో. నారాలో ఏటా మే మూడో శుక్ర, శనివారాల్లో ఆడతారు. క్యోటోలో 1950లో మొదలైన ప్రదర్శన జూన్ 1, 2 తేదీల్లో హెయాన్ మందిరం ఆవరణలో జరుగుతుంది. టికెట్ ముందే కొనుక్కోండి. స్వెట్టరు, దోమల మందు, వానకోటు చాలు. గొడుగు మాత్రం వద్దు, వెనకవాళ్లు తిట్టుకుంటారు.

కథ ఇంటి దగ్గరే చదువుకుని వెళ్లండి. పాడేది పాత జపనీస్, అక్కడివాళ్లకే ఓ పట్టాన అర్థం కాదు. ‘అవొయి నో ఉయె’ నాటకంలో వేదిక ముందు భాగంలో ఒక కిమోనో పరుస్తారు. జబ్బుతో పడున్న అవొయి అదే! ఆ పాత్రకి మనిషంటూ ఉండరు. కథ తెలియనివాళ్లు, ఎవరో బట్ట మర్చిపోయారనుకుంటారు.

సీటు వేదికకి ఎదురుగానే తీసుకోండి. ఎడమ పక్కయితే నటులు నడిచొచ్చే వంతెన దగ్గరగా కనిపిస్తుందని కొందరు ఊదరగొడతారు. నిజమే, కానీ అక్కణ్నుంచి మాస్కు చెంపే కనిపిస్తుంది. చెంప చూడ్డానికి అంత దూరం వెళ్లాలా? మొదటి వరస కూడా వద్దు, గాలి తిరిగితే పొగంతా మీదే.

అందరూ పాడుచేసుకునేది ఇక్కడే: మాస్కుని చూడటం. అది చెక్క, కదలదు. నటుడు కాస్త పైకెత్తితే వెలుగు పడి ముఖం విప్పారుతుంది, కాస్త వంచితే నీడ పడి దిగులు కమ్ముతుంది. ఆ వంపు చాలా చిన్నది. ఫోను వంక ఒక్కసారి తల దించారా, పోయినట్టే.

మంట వంక అసలు చూడొద్దు. దాన్నే చూస్తూ కూర్చుంటే కళ్లు ఆ వెలుగుకి అలవాటు పడిపోతాయి, తర్వాత కాసేపు మాస్కు నల్లటి మచ్చలాగే ఉంటుంది. బైనాక్యులర్స్ కూడా తేవద్దు. ముఖం పెద్దదవుతుంది గానీ చేతులు తప్పిపోతాయి. అరచెయ్యి మెల్లగా కళ్ల ముందుకొస్తే పాత్ర ఏడుస్తున్నట్టు, అది చూడకపోతే ఇంకేం చూసినట్టు? విసుగొస్తే డప్పులవాళ్ల కేకలు వినండి, చూపు మాత్రం మాస్కు మీంచి తియ్యకండి.

చప్పట్లకి తొందర వద్దు. మన వీధి నాటకాల్లో ఈల వేసినా చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ప్రధాన నటుడు వంతెన దాటి తెర వెనక్కి వెళ్లాక తోటి నటుడు వెళ్లాలి, ఆ వెనక వాద్యకారులు వెళ్లాలి. అప్పుడు కొట్టండి. పక్కవాడు ముందే మొదలెట్టినా మీరు అందుకోకండి.