పాత ఆల్బమ్‌లో బిగుసుకున్న ఫొటోను చిరగకుండా తీయడం – నా అనుభవం

1860ల కార్ట్ డి విజిట్ (అట్టకు అంటించిన చిన్న ఫొటో) అట్ట కొలత సుమారు 64 × 100 మి.మీ. ఆల్బమ్‌లో ఒక్కో ఆకులో రెండేసి ఫొటోలు వీపులు ఆనించుకుని ఉంటాయి. దూర్చేది సాధారణంగా చట్రం అడుగున ఉన్న చీలికలోంచి. వేలితో లాగితే ఆ చీలిక దగ్గరే కాగితం చిరుగుతుంది. అమ్మకానికొచ్చే ఆల్బమ్‌లలో ఎక్కువగా కనిపించే దెబ్బ ఇదే.

ముందుగా పేజీలను వరసగా ఫొటో తీసుకోండి. చట్రం కింద రాసిన పేరు ఏ బొమ్మదో తర్వాత తేలదు.

నాకు పనిచేసింది పలుచని పాలియెస్టర్ షీటు. 50 మి.మీ. వెడల్పు పట్టీ కోసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, చీలికలోంచి రెండు అట్టల వీపుల మధ్యకు తోయాలి. మెల్లగా అటూ ఇటూ కదిపితే పట్టు వదులుతుంది. కింది అంచు పైకి లేచాక అట్టనూ పట్టీనీ కలిపి పట్టుకుని, వంచకుండా లాగాలి. బొమ్మ మీద వేలు పెట్టి నొక్కకూడదు.

జిగురుతో అంటించి ఉంటే అలాగే వదిలేయడం మేలు. తడి, ఆవిరి అసలొద్దు: ఆ కాలపు ఫొటో కాగితం మీది గుడ్డు తెల్లసొన పొర ఉబ్బి సన్నగా బీటలిస్తుంది, బుగ్గలకు అద్దిన రంగు కరిగిపోతుంది.

అమెరికా ఫొటో వెనక పన్ను స్టాంపు కనిపిస్తే అదృష్టమే, అది 1864 సెప్టెంబరు – 1866 ఆగస్టు మధ్య అమ్మింది.