శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు: పెళ్లి డేటా దాచేవాళ్లకు జాగ్రత్తలు

ఆషాఢం నడుస్తోంది. ముహూర్తాలు లేవు, కెమెరాలు బ్యాగుల్లోనే ఉన్నాయి. శ్రావణం వచ్చిందంటే మళ్లీ ఊపిరి సలపదు. రాత్రి ఒక ఊళ్లో పెళ్లి, తెల్లారితే ఇంకో ఊళ్లో రిసెప్షన్, మధ్యలో వాన, కరెంటు పోవడం. కార్డులు, హార్డ్‌డిస్కులు, ఎస్ఎస్‌డీలు బయటికి తీసి ఒకసారి చూసుకోవడానికి ఉన్నది ఈ నెలే.

ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. మొన్న సీజన్ చివర్లో మా సర్వీస్ షాపుకి ఒక స్టూడియో కుర్రాడు 4 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్ పట్టుకొచ్చాడు. కేబుల్ పెట్టగానే టక్, టక్, టక్ అని కొట్టుకుని ఆగిపోతోంది. ఎడిటింగ్ జరుగుతుండగా ఎవరి కాలికో వైరు తగిలి టేబుల్ మీద నుంచి పడిందట. "కార్డులున్నాయా తమ్ముడూ?" అని అడిగితే, "కాపీ అయిపోయింది కదన్నా, పొద్దున్నే ఇంకో పెళ్లి ఉందని ఫార్మాట్ కొట్టేశాం" అన్నాడు. డేటా రికవరీ ల్యాబ్‌కి పంపాం. లోపల తిరిగే పళ్లేల (ప్లాటర్ల) మీద గీతలు పడ్డాయి, ఏమీ రాదని తిరిగొచ్చింది. ఆ పెళ్లిలో జీలకర్ర బెల్లం ఇప్పుడు చుట్టాల ఫోన్లలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

చిన్న స్టూడియోలకే ఇలా జరుగుతుందనుకోకండి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే సిస్టమ్‌లోని 858 టీబీ డేటా కాలిపోయింది. బయట ఇంకో కాపీ లేదు. డేటా మరీ పెద్దది కాబట్టి వేరే చోట బ్యాకప్ పెట్టలేదన్నారు.

ఇద్దరిదీ ఒకటే తప్పు. కింద పడటం, తడవడం, కాలడం ఎప్పుడో ఒకప్పుడు జరిగేవే. ఎంత మంచి కంపెనీ డిస్క్ అయినా ఏదో ఒక రోజు పోతుంది. అది పోయేసరికి ఇంకో చోట కాపీ ఉందా లేదా అన్నదే అసలు సంగతి. నా దగ్గరికి ఏడుపు ముఖంతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది డిస్క్ పోయినందుకు రాలేదు, ఉన్న ఒక్కటీ పోయినందుకు వచ్చారు. అందుకే ఈ ఒక్క మాట స్టూడియో గోడ మీద రాయించండి: రెండు వేర్వేరు డివైస్‌లలో ఫైళ్లు తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

ముందు లెక్క వేయండి

4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల (ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ) చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 జీబీ. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా (RAW) ఫైలుకు 25 ఎంబీ వేసుకున్నా, మూడు వేల ఫొటోలకు ఇంకో 75 జీబీ. డ్రోన్, హల్దీ, సంగీత్ కలపకుండానే పెళ్లికి 600 జీబీ దాటింది. రెండు కాపీలంటే 1.2 టీబీ పైనే. శ్రావణంలో పది పెళ్లిళ్లు ఒప్పుకున్నవాళ్లకు 12 టీబీకి మించి జాగా కావాలి. పైగా డబ్బా మీద 1 టీబీ అని ఉన్నది విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

ఈ లెక్క వేయనందువల్లే రెండో కాపీ ఎగిరిపోతోంది. పెళ్లి తెల్లవారుజామున అయిపోతుంది, డిస్క్ నిండిపోయి ఉంటుంది, కార్డు ఎనిమిదింటికల్లా కావాలి. అప్పుడు ఎంత జాగ్రత్తపరుడైనా "ఈ ఒక్కసారికి" అనుకుంటాడు. ఈ మధ్య ఎస్ఎస్‌డీల ధరలు పెరగడంతో ఇది మరీ ఎక్కువైంది. అడ్వాన్స్ మాట్లాడేటప్పుడే స్టోరేజ్ ఖర్చు ప్యాకేజీలో కలిపేయండి. ఆల్బమ్ షీట్లకు ఇచ్చే పార్టీ దీనికీ ఇస్తుంది, అడగాలంతే.

ఏది ఎక్కడ వాడాలి

కార్డుల విషయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోండి. పెద్ద అక్షరాల్లో కనిపించే 170, 200 అన్నది చదివే వేగం. మీకు కావలసింది ఆగకుండా రాసే వేగం. వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుందని అర్థం. 100 మెగాబిట్ల వీడియోకి 12.5 ఎంబీ చాలు కాబట్టి అది సరిపోతుంది. 280 మెగాబిట్లలో 10 బిట్ వీడియో తీస్తే 35 ఎంబీ కావాలి, అప్పుడు వీ60 తీసుకోండి. రెండు కార్డులు పట్టే కెమెరా ఉన్నవాళ్లు రెండో స్లాట్‌ని ఓవర్‌ఫ్లోలో (మొదటిది నిండాకే రెండోదాంట్లో రాయడం) కాకుండా బ్యాకప్‌లో (రెండింట్లోనూ ఒకేసారి రాయడం) పెట్టండి. అంత ఖరీదు పెట్టి కెమెరా కొని ఈ ఒక్క సెట్టింగ్ మార్చనివాళ్లు చాలామంది ఉన్నారు.

పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో తిరిగే పళ్లెం ఉంటుంది, దాని మీద చదివే హెడ్ ఉంటుంది. ఆ రెంటి మధ్య ఖాళీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరుగుతుండగా పడితే హెడ్ పళ్లేన్ని గీకేస్తుంది. ఆగి ఉన్నప్పుడు పడితే బతికే అవకాశం ఎక్కువ. కాబట్టి పెళ్లి మండపంలో, కారులో, ఎడిటింగ్ టేబుల్ అంచున హార్డ్‌డిస్క్ వాడొద్దు. తక్కువ ఖర్చులో ఎక్కువ జాగా ఇచ్చేది మాత్రం ఇదే. రెండో కాపీకి, ఏళ్ల తరబడి బీరువాలో దాచడానికి దీన్ని మించింది లేదు. విడిగా కరెంటు అడాప్టర్ ఉండే పెద్ద 3.5 అంగుళాల డిస్కులు టీబీకి ఇంకా చవక పడతాయి. వాటిని ఒక చోట పెట్టాక కదపకండి.

ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు. పడినా తట్టుకుంటుంది, వేగం కూడా. సాటా రకం సెకనుకు 550 ఎంబీ దాకా, ఎన్‌వీఎంఈ రకం కంప్యూటర్ లోపల బిగిస్తే చాలావరకు 3,500 నుంచి 7,000 ఎంబీ దాకా ఇస్తుంది. మండపం దగ్గర కార్డు ఖాళీ చేయడానికి, ఎడిటింగ్‌కి ఇదే వాడండి. అయితే దీనితో ఉన్న చిక్కులు షాపువాళ్లు చెప్పరు.

మొదటిది, ఎస్ఎస్‌డీలో పొరపాటున డిలీట్ చేసినవి దాదాపుగా తిరిగి రావు. హార్డ్‌డిస్క్‌లో డిలీట్ చేసినా దాని మీద ఇంకేదైనా రాసేదాకా పాత డేటా ఉంటుంది. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే పద్ధతి ఆ ఖాళీని వెంటనే తుడిచేస్తుంది. రెండోది, చాలాసార్లు అది చెప్పకుండా పోతుంది. నిన్న రాత్రి పనిచేసింది పొద్దున డిటెక్టే అవదు. మూడోది, కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పడేసి ఉంచడానికి అది పనికిరాదు. మామూలు వాడకం ఎస్ఎస్‌డీ తన రాత పరిమితి మొత్తం వాడేశాక, 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలపాలన్నది పరిశ్రమ ప్రమాణం. కొత్తది అంతకంటే చాలా ఎక్కువే నిలుపుతుంది. కానీ మన ఎండాకాలం మూసిన గదిలో వేడి ఎంత ఉంటుందో మీకు తెలుసు, ఎంత వేడైతే అంత త్వరగా చెడుతుంది. పాత పెళ్లిళ్లు ఎస్ఎస్‌డీలో దాచొద్దు.

కొనేటప్పుడు టీబీడబ్ల్యూ అన్న అంకె చూడండి. జీవితకాలంలో ఎన్ని టీబీలు రాయొచ్చో కంపెనీ ఇచ్చే హామీ అది. శాంసంగ్‌లోనే 870 ఈవో 1 టీబీకి 600 ఉంటే, 870 క్యూవో 1 టీబీకి 360. క్యూవో లాంటి చవక రకాలు మొదట వేగంగా రాసి, క్యాష్ (మొదట గబగబా రాసుకునే కాస్త జాగా) నిండగానే నీరసపడతాయి. పదేసి జీబీలు వేసుకునే ఇంటికి పర్వాలేదు, 500 జీబీ ఒకేసారి కొట్టే స్టూడియోకి కాదు.

రెండు డిస్కులు పెట్టి, రెండింట్లోనూ ఒకేసారి ఒకటే డేటా పడేలా రెయిడ్ చేయించాం కాబట్టి నిశ్చింత అనేవాళ్లు ఉన్నారు. ఒక చోట డిలీట్ చేస్తే రెండో దాంట్లోనూ పోతుంది. పిడుగు పడితే రెండూ పోతాయి. ఆ డబ్బా మొత్తాన్నీ ఒక్క కాపీగానే లెక్కపెట్టండి.

పెన్‌డ్రైవ్ పార్టీకి ఇవ్వడానికే.

క్లౌడ్ మంచిదే, కానీ 100 మెగాబిట్ల అప్‌లోడ్ పూర్తిగా వచ్చినా 500 జీబీ ఎక్కడానికి పదకొండు గంటలు పడుతుంది. సెలెక్ట్ చేసిన ఫొటోలు, ఆల్బమ్ డిజైన్లు, ఫైనల్ వీడియో పెట్టుకోండి. సింక్ పెట్టిన ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుందని మరవకండి.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి మనకు అతికినట్టు సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల డివైస్‌లు, ఒకటి వేరే చోట. ఆల్బమ్ డెలివరీ అయ్యేదాకా కార్డు, ఎస్ఎస్‌డీ, ఇంట్లో హార్డ్‌డిస్క్ అనుకోండి. అన్ని కార్డులు కొనలేకపోతే కనీసం మిగతా రెండింట్లోనూ కాపీ అయి, ఫైళ్లు తెరుచుకునేదాకా కార్డు ముట్టుకోవద్దు.

వానలు, కరెంటు

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ వైపు వచ్చినప్పుడు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మన స్టూడియోలన్నీ రోడ్డు మీద, గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంటాయి. రెండో కాపీ కూడా అదే షట్టర్ వెనక ఉంటే అది ఉన్నా లేనట్టే. మీ ఇంట్లో పెట్టండి, ఇల్లు కూడా అక్కడే ఉంటే బావగారింట్లో పెట్టండి. ఉరుములు మొదలైతే డిస్కుల వైర్లు తీసేయండి, స్విచ్ కట్టేస్తే చాలదు. ఏసీ కారులోంచి దింపిన డిస్క్‌ని ఉక్కపోతలో వెంటనే కనెక్ట్ చేయొద్దు, లోపల తేమ పడుతుంది. అరగంట ఆగండి.

ఇక వరసగా

కట్-పేస్ట్ చేయొద్దు. కాపీ-పేస్ట్ మాత్రమే. మధ్యలో కరెంటు పోతే ఏది వెళ్లిందో ఏది ఉందో తేల్చుకోలేరు.

కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా చూడండి. టెరాకాపీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై ఆన్ చేయండి.

చిన్న బొమ్మలు కనిపిస్తే చాలనుకోవద్దు. ఫొటో తెరిస్తే కింది సగం బూడిదరంగులో వచ్చినవి ఎన్నో చూశాను. మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని పెద్దవి చేసి చూడండి. వీడియోని ముందుకు జరిపి చివరిదాకా చూడండి. తాళి, తలంబ్రాలు విడిగా చూడండి.

ఇది అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చేయాలి. ఆ బాధ్యత టీమ్‌లో ఒక్కరికే ఇవ్వండి. ఎవరు పడితే వాళ్లు చేయొద్దు.

నిండిన కార్డులు ఒక డబ్బాలో, ఖాళీవి ఇంకో డబ్బాలో. రెండూ ఒకే జేబులో వద్దు.

ఎజెక్ట్ చేయకుండా లాగొద్దు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఉన్న డిస్క్‌కి మధ్యలో లాగితే తట్టుకునే ఏర్పాటు లేదు.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి ఈ నెలలోనే అన్ని డిస్కులూ చూడండి. పసుపు రంగులో కాషన్ అని వచ్చిన డిస్క్ ఈ సీజన్‌కి వద్దు. "ఇంకా పనిచేస్తోంది కదా" అనొద్దు.

ఐదారు వందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ ఎవడూ అమ్మలేడు. కొత్త కార్డు, పెన్‌డ్రైవ్ ఏది కొన్నా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నిండా రాయించి చూశాకే వాడండి. నకిలీది జాగా ఉన్నట్టే చూపించి, నిండాక పాతవాటిని పాడు చేస్తుంది.

క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేయొద్దు. దాంతో పాటు ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వస్తే కనెక్ట్ అయి ఉన్న ప్రతి డిస్కూ లాక్ అవుతుంది. రెండో కాపీ డిస్క్‌ని కాపీ అవగానే తీసి పక్కన పెట్టండి.

ఉన్న ఒక్క కాపీని ఎడిటర్‌కి బస్సు పార్శిల్‌లో పంపొద్దు. ఎంత తొందరైనా సరే. ఉన్న ఒక్క కాపీ ఊరు దాటకూడదు.

డిస్క్ టక్ టక్ అంటే వెంటనే తీసేయండి. మళ్లీ పెట్టి చూడొద్దు. పెట్టిన ప్రతిసారీ ఇంకొంచెం గీకుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. విప్పొద్దు.

"ఫార్మాట్ చేయాలా?" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్క్‌లో తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ కూడా నడపొద్దు.

పొరపాటున కార్డు ఫార్మాట్ అయిపోతే దానితో ఇంకొక్క ఫొటో కూడా తీయొద్దు. ఫొటోరెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు వస్తాయి. వచ్చినవాటిని అదే కార్డులో సేవ్ చేయొద్దు.

తడిసిన డిస్క్‌కి కరెంటు ఇవ్వొద్దు. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, బియ్యంలో పెట్టొద్దు. గాలి చొరని కవర్లో వేసి ల్యాబ్‌కి పంపండి.

పార్టీకి డేటా ఇచ్చేటప్పుడు మన దగ్గర ఎన్ని నెలలు ఉంచుతామో బిల్లు మీద రాసి, సంతకం తీసుకోండి. పెన్‌డ్రైవ్ ఇంటికి తీసుకెళ్లగానే కంప్యూటర్‌లోకి, ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోమని పెళ్లికూతురికో, వాళ్లన్నయ్యకో నోటితో చెప్పండి. వాళ్లు చేసుకున్నామని ఫోన్‌లో చెప్పేదాకా మీ దగ్గర ఉన్నది చెరపొద్దు.